డిప్రెషన్ మందులకు తోడుగా ఇంట్లో ఎక్సర్‌సైజ్ సైకిల్: నెల్లూరు ఇళ్లకు ఏ రకం పనికొస్తుంది?

డాక్టరు చీటీలో మాత్రల పేర్లన్నీ అయ్యాక చివరి గీత మీద ‘వ్యాయామం చేయాలి’ అని ఉంటుంది. ఎంతసేపు, వారానికి ఎన్ని రోజులు, ఎంత ఆయాసం వచ్చేదాకా అన్నది ఉండదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇంట్లోవాళ్లు ట్రంకు రోడ్డుకి పోయి ఎక్సర్‌సైజ్ సైకిల్ ఆటోలో వేయించుకొస్తారు. దసరాకి వచ్చిన సైకిల్ సంక్రాంతికి దండెం అవుతుంది. హ్యాండిల్ మీద తువ్వాళ్లు ఆరుతుంటాయి, మనిషి మంచం మీదే ఉంటాడు. ‘ఇంత డబ్బు పోసి కొంటే తొక్కడు’ అని తప్పు ఆ మనిషి నెత్తిన వేస్తారు. నిజానికి చాలా ఇళ్లలో తప్పు సైకిల్ రకంలోనో, సీటు ఎత్తులోనో, మొదటి రోజే అరగంట తొక్కించడంలోనో ఉంటుంది.

ఈ సమీక్ష డిప్రెషన్‌కి మందులు వాడుతున్నవాళ్ల కోసం సైకిల్ కొనేవాళ్లకి. బరువు తగ్గడానికి కొనేవాళ్ల లెక్కలు వేరు. కంపెనీల పేర్ల జోలికి పోవడం లేదు. బజార్లో చాలా మోడళ్లు పైకి రంగురంగుల స్టిక్కర్లతో ఉన్నా లోపలి అమరిక ఒకటే. చూడాల్సింది రకం.

తీర్పు ముందే చెప్పేస్తే: ఎక్కువ ఇళ్లకి నిటారుగా కూర్చుని తొక్కే మాగ్నెటిక్ అప్‌రైట్ సైకిల్ చాలు. కళ్లు తిరిగేవాళ్లకి, మోకాళ్లు నొప్పులున్న పెద్దవాళ్లకి, బరువు ఎక్కువున్నవాళ్లకి వెనక్కి ఆనుకుని తొక్కే రీకంబెంట్ రకం. స్పిన్ బైక్ వద్దు. చేతులు కూడా ఆడే ఎయిర్ బైక్ కొందరికే. సాయంత్రం ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికో వీఆర్ కాలేజీ గ్రౌండుకో నడవడానికి పోగలిగే మనిషికి అసలు సైకిలే అక్కర్లేదు.

ఎంత మోతాదు తొక్కితే మందుకి తోడవుతుంది

మాత్రకి మిల్లీగ్రాములు ఉన్నట్టే దీనికీ మోతాదు ఉంది. 2011లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం సరిగ్గా ఈ సంగతే చూసింది. డిప్రెషన్‌కి ఇచ్చే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ కోవకి చెందిన మందు వాడినా పూర్తిగా కోలుకోని 126 మందిని తీసుకున్నారు. మందు ఆపకుండా, దాని మీద వ్యాయామం కలిపారు. ఒక గుంపుకి వారానికి ఒంటి బరువు కిలోకి 16 కిలో కేలరీలు ఖర్చయ్యే లెక్కన, రెండో గుంపుకి 4 లెక్కన. 12 వారాలు గడిచేసరికి రెండు గుంపులకీ మెరుగు కనిపించింది. జబ్బు లక్షణాలు దాదాపు పూర్తిగా పోయినవాళ్లు మాత్రం పెద్ద మోతాదులో నూటికి 28 మంది, చిన్న మోతాదులో 15, 16 మంది.

ఆ 16 లెక్కని మన ఇంటికి దించుదాం. 65 కిలోల మనిషికి వారానికి 1,040 కిలో కేలరీలు. గంటకి ఆరు కిలోమీటర్లు దాటిన వేగంతో నడిస్తే వారానికి సుమారు 210 నిమిషాలు పడుతుంది. సైకిల్ మీద మధ్యరకం కష్టంతో తొక్కితే గంటకి 300 కిలో కేలరీల దగ్గర ఖర్చవుతుంది కాబట్టి ఇంచుమించు అంతే సమయం. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకి 40 నిమిషాలు. చివరికి చేరాల్సిన చోటు అది. మొదలుపెట్టే చోటు కాదు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం సైకిళ్లు మూలకి చేరతాయి.

2012లో బ్రిటన్‌లో వచ్చిన ఇంకో అధ్యయనం కూడా ఇంట్లోవాళ్లు తెలుసుకోవాలి. 361 మందితో చేశారు. మామూలు వైద్యానికి తోడు, కదలమని ప్రోత్సహించే మనిషిని పెట్టి, కలిసి మాట్లాడి, ఫోన్లు చేశారు. వాళ్లు కాస్త ఎక్కువగా కదిలారు గానీ, డిప్రెషన్ విషయంలో మామూలు వైద్యం గుంపు కంటే ముందుకి పోలేదు. ‘చెయ్యి, చెయ్యి’ అని చెప్పడం వేరు, ఇంత అని కొలిచి చేయించడం వేరు.

ఇక 1999 నాటి డ్యూక్ యూనివర్సిటీ అధ్యయనం ఒకటి వాట్సాప్‌లో తెగ తిరుగుతుంటుంది. యాభై దాటిన 156 మందిలో వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లు, సెర్ట్రలిన్ ఒక్కటే వాడినవాళ్లు, రెండూ చేసినవాళ్లు 16 వారాలకి దాదాపు ఒకే చోటికి చేరారు. దాన్ని చూపి మాత్ర మానేస్తామంటారు. అందులో మందు గుంపు ముందుగా తేరుకుందని, వ్యాయామం గుంపు వారానికి మూడుసార్లు శిక్షకుల కళ్లెదుట చేసిందని, ఆత్మహత్య ప్రమాదం ఉన్నవాళ్లని అసలు తీసుకోలేదని ఆ మెసేజీలో ఉండదు. మన హాల్లో శిక్షకులెవరూ ఉండరు. మాత్ర మాత్రగానే ఉండాలి. ఆపాలన్నా తగ్గించాలన్నా అది డాక్టరు పని, అదీ మెల్లగా. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు మందు నడుస్తుంది.

సైకిల్‌కే ప్రత్యేకంగా మహిమ ఉందా అంటే లేదు. 2024లో 218 అధ్యయనాలని కలిపి చూసినప్పుడు ముందు వరసలో నిలిచినవి నడక, జాగింగ్, యోగా, బరువులతో కసరత్తు. శ్రమ తీవ్రత పెరిగేకొద్దీ ఫలితమూ పెరిగింది. ఇంట్లో సైకిల్ గొప్పతనమల్లా సాకులు మిగలకుండా చేయడమే. నెల్లూరులో ఆ సాకులు నిజమైనవి మరి. మే నెలలో ఎండ 43 దాటితే సాయంత్రం ఆరింటికి కూడా రోడ్డు సెగ కక్కుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు, గ్రౌండంతా బురద. మిగతా నెలల్లో పొద్దుగూకితే దోమలు, నెల్లూరోళ్లకి వాటి గురించి చెప్పేదేముంది. అన్నిటికంటే పెద్దది మనుషుల పలకరింపు. ‘ఏంది నాయనా, ఇట్టా చిక్కిపోయినావు, షుగరొచ్చిందా?’ అని స్టేడియం గేటు దగ్గర ఒక్కరు అడిగితే చాలు, ఆ మనిషి మళ్లీ వారం గడప దాటడు.

నాలుగు రకాలు, ఎక్కడ ఏది తేడా కొడుతుంది

మాగ్నెటిక్ అప్‌రైట్: లోపల నాలుగు నుంచి ఆరు కిలోల ఇనప చక్రం, దానికి దగ్గరగా జరిగే అయస్కాంతాలు. నాబ్ తిప్పితే తీగ లాగి అయస్కాంతాలు చక్రం దగ్గరికి వస్తాయి, తొక్కడానికి బరువు పెరుగుతుంది. రాపిడి లేదు కాబట్టి చప్పుడు తక్కువ, బ్రేకు పట్టీలా అరిగే భాగం లేదు. మీటరుకి రెండు పెన్సిల్ సెల్లులు చాలు, కరెంటుతో పని లేదు. కోత వచ్చినా ఆగదు. సుమారు తొమ్మిది వేల నుంచి పదిహేను వేల లోపు దొరుకుతుంది. కాళ్లు ఆపగానే పెడల్ ఆగుతుంది, తనంతట తాను తిరగదు. మందు మత్తున్న మనిషికి ఇది పెద్ద సుగుణం. కొనేముందు రెండు చూడాలి. ఒకటి, సీటు అన్నిటికంటే కింది గుంతలో పెట్టినప్పుడు ఐదడుగుల లోపు ఆడవాళ్ల కాలు పెడల్‌కి అందుతుందా. చాలా మోడళ్లలో అందదు. రెండు, పెడల్ తిప్పుతుంటే ఒకచోట తేలిగ్గా ఒకచోట బరువుగా తగులుతుందా. తగిలితే చక్రం తేలికది, ఆ కుదుపుకి మోకాలు నొప్పెడుతుంది. 10కి 8.

రీకంబెంట్: కుర్చీలా వీపు ఆనుతుంది, పెడళ్లు ముందు ఉంటాయి. ఎక్కడం దిగడం సులువు, పడే భయం తక్కువ, పిర్రల నొప్పి రాదు. చోటు ఎక్కువ తింటుంది, అపార్టుమెంటు హాల్లో దివాన్ కాట్ అంత పొడుగు. ధర ఎక్కువ. ఎత్తు సరిచేసేటప్పుడు కుర్చీ ముందుకీ వెనక్కీ జరిగే పట్టా వదులుగా ఉంటే పెద్దవాళ్లు కూర్చోగానే జారుతుంది, షాపులోనే ఊపి చూడాలి. అరవై దాటినవాళ్లకి 10కి 8, మిగతావాళ్లకి 6.

ఎయిర్ బైక్: ముందు పెద్ద చక్రం, ముందుకీ వెనక్కీ ఆడే చేతులు. ఏడెనిమిది వేలకే వస్తుందని మన ఊళ్లో ఎక్కువగా అమ్ముడుపోయేది ఇదే. చేతులూ కాళ్లూ ఒకేసారి ఆడటం వల్ల త్వరగా ఆయాసం వస్తుంది. ఇంట్లో వాడే చవక రకాల్లో చక్రాన్ని బిగించేది గుడ్డ పట్టీ. చెమటకి, దుమ్ముకి అది గట్టిపడి కీచుమంటుంది. పక్క గదిలో చదువుకునే పిల్లలుంటే రెండో రోజే గొడవ. చున్నీ, చీర కొంగు ఆడే చేతుల మధ్య చిక్కుకుంటాయి. 10కి 5.

స్పిన్ బైక్: జిమ్ముల్లో కనిపించేది. బరువైన చక్రం పెడల్‌కి నేరుగా బిగించి ఉంటుంది. కాళ్లు ఆపినా చక్రం తిరుగుతూ పెడల్‌ని తిప్పుతూనే ఉంటుంది. ఆపాలంటే నాబ్‌ని కిందికి నొక్కాలి. రాత్రి వేసుకున్న క్వెటియాపినో మిర్టాజపినో మత్తు ఇంకా దిగని మనిషికి ఆ సంగతి సమయానికి గుర్తుండదు, పెడల్ పిక్కని కొడుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో బయటికి కనిపించే చక్రంలో వేళ్లు పెట్టే ప్రమాదం ఉంది. ముందుకి వంగి కూర్చోవడం నడుముకి భారం. మంచి యంత్రమే, ఈ పనికి కాదు. 10కి 3.

ట్రెడ్‌మిల్ గురించి అడిగేవాళ్లకి ఒక్క మాట: కరెంటు పోతే ఆగుతుంది, కళ్లు తిరిగితే పడేస్తుంది, బెల్టుకి సిలికాన్ ఆయిల్ వేస్తూ ఉండాలి. డబ్బు రెండింతలు, లాభం రెండింతలు కాదు.

బిగింపు దగ్గర జరిగే తప్పులు

షాపు కుర్రాడు వచ్చి అరగంటలో బిగించి పోతాడు. అతను తొందరలో వదిలేసేవి మనం చూసుకోవాలి. ఎడమ పెడల్ మర ఎదురు దిక్కున తిరుగుతుంది. పెడల్ కడ్డీ మీద ఎల్, ఆర్ అని చెక్కి ఉంటుంది. ఎల్ ఉన్నదాన్ని ఎడమవైపు, గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిప్పి బిగించాలి. ముందు చేత్తో నాలుగైదు చుట్లు ఎక్కాకే స్పానర్ పట్టాలి. వంకరగా ఎక్కించి స్పానర్‌తో బలవంతం చేస్తే క్రాంకు (పెడల్‌ని మోసే ఇనప చేయి) మర తెగిపోతుంది, క్రాంకు మొత్తం మార్చాల్సిందే. మొదటి వారం తొక్కాక క్రాంకు నట్టు కాస్త వదులవడం మామూలే. ‘టక్ టక్’ అని ప్రతి చుట్టుకీ ఒకసారి చప్పుడు వస్తే అదే. ప్లాస్టిక్ మూత తీసి బాక్స్ స్పానర్‌తో బిగించాలి. అలాగే తొక్కుతూ పోతే క్రాంకు గుంత అరిగిపోతుంది, తర్వాత ఎంత బిగించినా నిలవదు.

హ్యాండిల్ కడ్డీ దించేటప్పుడు మీటరు వైరు నలిగితే మీటరు సున్నా చూపిస్తుంది. సెల్లులు మార్చి మార్చి విసుగొస్తుంది, తప్పు వైరుది. నాబ్ తిప్పినా బరువు మారకపోతే తీగ కొక్కెం పడలేదన్నమాట. సైకిల్ ఊగుతుంటే వెనక కాళ్ల గుండ్రటి ప్లాస్టిక్ మూతలు తిప్పి మట్టం చేయాలి. నున్నటి టైల్స్ మీద జారకుండా కింద రబ్బరు మ్యాట్ వేయాలి.

సీటు ఎత్తు విషయంలో మొహమాటం వద్దు. సీటు మీద కూర్చుని పెడల్ కింది చివరికి తెచ్చి మడమ పెడల్ మీద పెడితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది. ఇంట్లో ముగ్గురు తొక్కితే ముగ్గురి గుంతల పక్కన పర్మనెంట్ మార్కర్‌తో గుర్తు పెట్టాలి. సీటు కిందికుంటే మోకాలి చిప్ప ముందు నొప్పి, పైకుంటే నడుము పక్కలకి ఊగి నొప్పి. డిప్రెషన్‌లో ఉన్న మనిషి నొప్పి అని చెప్పడు, తొక్కడం మానేస్తాడు. మొదటి రెండు వారాలు పిర్రలు నొప్పెడతాయని ముందే చెప్పి, జెల్ సీటు కవరు కూడా అప్పుడే కొనడం మంచిది. నైటీ, లుంగీ వద్దు, క్రాంకులో పడతాయి. చీలమండ దగ్గర బిగుతుగా ఉండే పైజామా, చెప్పులకి బదులు బూట్లు.

తుప్పు గురించి: సముద్రం మనకి దగ్గరే గానీ సైకిల్‌ని తినేది ఎక్కువగా చెమట. సీటు కడ్డీ, హ్యాండిల్ మెడ, నట్ల తలలు పొడి గుడ్డతో రోజూ తుడవాలి. నెలకోసారి పెడల్ ఇరుసుకి ఒక్క చుక్క కుట్టుమిషను నూనె. పట్టీ ఉన్న రకాల్లో పట్టీకి నూనె తగిలితే పట్టు పోతుంది, జాగ్రత్త.

మీటరు చూపే కేలరీలని నమ్మకండి. ఈ ధరలో దొరికే సైకిళ్లలో నాబ్‌కీ మీటరుకీ సంబంధం ఉండదు. ఒకటో నంబరులో తొక్కినా ఎనిమిదిలో తొక్కినా చక్రం చుట్లు ఒకటే అయితే అదే అంకె వస్తుంది. దానికి మీ బరువూ తెలియదు. హ్యాండిల్ మీద వేళ్లు పెడితే చూపే పల్సూ అంతంతమాత్రమే. నిమిషాలు లెక్క పెట్టండి, ఊపిరి చూడండి. తొక్కుతూ మామూలుగా మాట్లాడగలగాలి, పాట పాడబోతే ఊపిరి చాలకపోవాలి. అది మధ్యరకం శ్రమ. చుట్లు నిమిషానికి అరవై దగ్గర. కుడి మోకాలు పదిహేను సెకన్లలో పదిహేనుసార్లు పైకి రావాలి.

వారం వారం పెంచే తీరు

మొదటి రెండు వారాలు రోజుకి 10 నిమిషాలు, వారానికి 4 రోజులు, నాబ్ ఒకటి మీద. ఇంత తక్కువా అనిపించాలి, అదే కావాల్సింది. మూడో వారం 15 నిమిషాలు, 5 రోజులు. అక్కణ్ణుంచి వారానికి 5 నిమిషాల చొప్పున పెంచితే ఎనిమిదో వారానికి 40 నిమిషాలు అవుతుంది. నాలుగో వారం దాకా నాబ్ రెండు దాటకూడదు. తర్వాత మాట్లాడటం మరీ సులువుగా ఉంటే ఒక నంబరు పెంచాలి. ఈ నిమిషాల్లోనే మొదటి మూడు, చివరి మూడు తేలిగ్గా తొక్కాలి. ఉన్నపళంగా ఆపి దిగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. ఒకేసారి 40 కుదరకపోతే పొద్దున 20, సాయంత్రం 20. వారం పైగా మానేస్తే మళ్లీ మొదటికి పోనక్కర్లేదు, మానేసిననాటి సమయంలో సగంతో మొదలుపెట్టాలి. సైకిల్ లేని రెండు రోజుల్లో కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆన్చి పది పుషప్‌లు, రెండేసి విడతలు చేస్తే కండకీ పని చెప్పినట్టే. దానికి రూపాయి ఖర్చు లేదు.

వేళ గురించి మన ఇళ్లలో ఒక మూఢనమ్మకం ఉంది, తెల్లారుజామునే చేయాలని. డిప్రెషన్‌లో చాలామందికి పొద్దున పూటే మనసు మరీ బరువుగా ఉంటుంది, మధ్యాహ్నం దాటాక కాస్త తెరిపిస్తుంది. మూడింటికే మెలకువ వచ్చి నిద్ర పట్టక, ఆరింటికి కునుకు పట్టిన మనిషిని లేపి ‘లెయ్యి, సైకిల్ తొక్కు’ అంటే ఆ రోజు పోయినట్టే. మొదటి నెల ఏ వేళకి ఒళ్లు కాస్త స్వాధీనంలో ఉంటుందో ఆ వేళకే పెట్టండి, సాయంత్రం ఐదైనా సరే. పడుకునే ముందు గంట మాత్రం వదిలేయాలి. అన్నం తిన్నాక కనీసం గంటన్నర ఆగాలి. మధ్యాహ్నం చేపల పులుసుతో రెండుసార్లు వడ్డించుకుని సైకిలెక్కితే ఏమవుతుందో వేరే చెప్పాలా.

సైకిల్ పడగ్గది మూలలో పెట్టకండి, దండెం అయ్యేది అక్కడే. హాల్లో, ఫ్యాను కింద, కిటికీకి ఎదురుగా ఉంటే వెలుతురు వస్తుంది, గాలికి దోమలూ దగ్గరికి రావు. ఇంట్లో ఒకరు, ఎవరో ఒక్కరే, అదే వేళకి పక్కన కూర్చోవాలి. చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చున్నా చాలు. ‘ఐదు నిమిషాలు తొక్కు, ఆ తర్వాత దిగాలనిపిస్తే దిగెయ్’ అని ఒప్పందం చేసుకోండి, దిగితే నిజంగా ఏమీ అనకూడదు. ఉత్సాహం వచ్చాక తొక్కుతాడులే అని ఎదురు చూడకూడదు. ఈ జబ్బులో పని ముందు, ఉత్సాహం వెనకాల. మేనమామ వచ్చి ‘మా కాలంలో ఈ జబ్బులెక్కడివి’ అని మొదలుపెట్టే వేళకి మాత్రం సైకిల్ టైము పెట్టకండి.

మీ మాత్రల్ని బట్టి జాగ్రత్తలు

ఇది షాపువాడు చెప్పడు, చాలాసార్లు చీటీలోనూ ఉండదు. గుండె దడ, వణుకు తగ్గడానికి ఇచ్చే ప్రొప్రనలాల్ వాడుతుంటే గుండె వేగం అంతగా పెరగదు. పల్స్ చూసి ‘ఇంకా చాలదు’ అని గట్టిగా తొక్కితే కుప్పకూలే ప్రమాదం ఉంది. వాళ్లకి పైన చెప్పిన మాట పరీక్షే కొలత. అమిట్రిప్టిలిన్, డోసులెపిన్ వాడేవాళ్లకి లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు, నోరు ఎండుతుంది, కొందరికి చెమట సరిగా పట్టక ఒళ్లు వేడెక్కుతుంది. ఎండాకాలం గదిలో ఫ్యాను లేకుండా తొక్కకూడదు. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్‌తో కొందరికి చెమట మామూలు కంటే ఎక్కువ, మొదటి వారాల్లో కడుపులో తిప్పినట్టుంటుంది. అది సైకిల్ వల్ల వచ్చిందనుకుని మానేస్తారు. ఈ మందులకి తోడు బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర వాడే పెద్దవాళ్లకి రక్తంలో సోడియం తగ్గే ప్రమాదం ఉంది. నీరసం, తికమక, తలనొప్పి కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి. మిర్టాజపిన్, క్వెటియాపిన్, క్లోనజెపామ్ రాత్రి వేసుకుంటే పొద్దున తూలు ఉండొచ్చు. అది పూర్తిగా పోయాకే సైకిలెక్కాలి.

మనసు మరీ పైకీ కిందికీ పోకుండా ఇచ్చే లిథియం సంగతి వేరే చెప్పాలి. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. మే నెలలో అరగంట తొక్కితే ఎంత చెమట పోతుందో మనకి తెలుసు. ముందొక గ్లాసు, తర్వాతొక గ్లాసు నీళ్లు తప్పనిసరి. ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే సైకిల్ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు అసలు తొక్కకూడదు.

షుగరుకి ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రగానీ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో ఎక్కకూడదు, చేతికి అందేలా పంచదార ఉండాలి. నలభై దాటి ఛాతీ నొప్పి, మెట్లెక్కితే ఆయాసం ఉన్నవాళ్లు సైకిల్ కంటే ముందు ఈసీజీ తీయించుకోవాలి. ఆయాసానికి, నీరసానికి రక్తహీనత, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ పరీక్షలకి అయ్యేది సైకిల్ ఖర్చులో చిన్న ముక్క.

ఇంకొకటి. రెండు మూడు గంటలే నిద్రపోయి, హుషారుగా రోజుకి మూడు గంటలు తొక్కేస్తూ, పెద్దపెద్ద మాటలు మాట్లాడుతుంటే ‘సైకిల్ భలే పని చేసింది’ అని సంబరపడొద్దు. అది బైపోలార్ జబ్బులో, దిగులుకి ఎదురుగా వచ్చే అతి హుషారు దశ కావచ్చు. డాక్టరుకి అదే రోజు చెప్పాలి.

ఫలితం కొలవడానికి మీటరు కంటే, డిప్రెషన్ ఎంత ఉందో చూపే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నల కాగితం నమ్మదగింది. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. రెండు వారాలకోసారి, అదే రోజున నింపి సైకిల్ పక్కన గోడకి తగిలించండి. ఐదు మార్కులు తగ్గితే నిజమైన మెరుగు. తొక్కిన నిమిషాలు కూడా ఆ కాగితం మీదే రాస్తే, డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ‘వ్యాయామం చేస్తున్నా సార్’ అనే ఉత్త మాటకి బదులు లెక్క చూపించొచ్చు. ఎనిమిది వారాలు సరిగా తొక్కినా మార్కు కదలకపోతే సైకిల్‌ని నిందించకుండా మందు సంగతి అడగండి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా వేరే జవాబు వస్తే ఆ రోజు సైకిల్ మాట ఎత్తకూడదు, మనిషిని ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. నెల్లూరు దర్గామిట్ట సర్వజన ఆసుపత్రిలోనూ, ఒంగోలు సర్వజన ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి.

కొత్తది కొనే ముందు ఎవరిదైనా నెల రోజులు అరువు తెచ్చుకుని చూడటం తెలివైన పని. వాడకుండా పడి ఉన్న సైకిళ్లకి ఏ వీధిలోనూ కొదవ లేదు. పాతది కొంటే మూడు నాలుగు వేలకి దొరుకుతుంది. చూడాల్సినవి: క్రాంకుని పట్టుకుని పక్కలకి ఊపితే కదలకూడదు, పెడల్ వెనక్కి తిప్పితే లోపల గరగర ఉండకూడదు, నాబ్ ఒకటికీ ఎనిమిదికీ తేడా కాలికి తెలియాలి, సీటు కడ్డీ పిన్ను గుంతలో పూర్తిగా కూర్చోవాలి. మీటరు పని చేయకపోయినా ఫరవాలేదు, ఆ పేరు చెప్పి ఐదొందలు తగ్గించమనండి. కొత్తదైతే వారంటీ ఫ్రేముకేనా, క్రాంకుకీ పెడల్‌కీ కూడానా అని బిల్లు మీద రాయించుకోండి. బిగించడానికి వచ్చిన కుర్రాడు తెచ్చిన స్పానర్లు, డబ్బాలో వచ్చినవైతే, తిరిగి పట్టుకుపోనీయకండి. వారం తర్వాత క్రాంకు నట్టు బిగించడానికి అవే కావాలి.